చెవిపోగులు ఏమైనవి?

మూలవాక్యము: నిర్గమకాండము 35:20–29



ఈ నెల ధ్యానమునకు ఒక చిన్న ప్రశ్న తీసికొందము. ఇశ్రాయేలీయుల చెవిపోగులు ఏమైనవి?

కొందరు నవ్వవచ్చును. బైబిలులో పెద్ద ప్రశ్నలు ఎన్నో యుండగా అయ్యగారు పోగులు వెదకుచున్నారేమని అనుకొనవచ్చును. అయినను నిర్గమకాండము వరుసగా చదివిన యెడల ఆ పోగులు మరల మరల మనకు ఎదురగును. 12వ అధ్యాయములో, దాసులుగా నుండినవారు ఐగుప్తు విడిచి బయలుదేరునప్పుడు, ఐగుప్తీయుల యొద్ద వెండి నగలు బంగారు నగలు అడిగి పుచ్చుకొనిరి. తరతరముల వెట్టిచాకిరికి అది ఆలస్యముగా అందిన కూలి అనుకొనవచ్చును. వెట్టి అను మాటకు అర్థమేమో మన జనగామ ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. మన తాతలు పడినదే.

32వ అధ్యాయములో మోషే కొండ దిగుట ఆలస్యమైనది. ప్రజలు తొందరపెట్టిరి. అహరోను వారి భార్యల చెవులకును, కుమారుల చెవులకును, కుమార్తెల చెవులకును ఉన్న బంగారు పోగులు తెమ్మనెను. తెచ్చిరి. దూడ అయినది. ఆ దూడ ఎట్లు పొడియై నీళ్లలో కలిసెనో మీకు తెలియును. 33వ అధ్యాయములో జనులు నగలు ధరింపక దుఃఖపడిరి. అక్కడితో పోగుల కథ ముగిసినదని మనము అనుకొందుము. కాని 35వ అధ్యాయములో అవి మరల వచ్చుచున్నవి! ఈసారి ఎవరును బలవంతము చేయలేదు. స్త్రీలు పురుషులు మనసార తమ పోగులు, ఉంగరములు, కడియములు తెచ్చి మోషే యెదుట పెట్టిరి. వాటితో దేవుని గుడారపు పని జరిగెను.

అదే ఐగుప్తు బంగారము. అవే చెవులు. నడుమ మూడు అధ్యాయములే యున్నవి.

ఇంకొక సంగతి గమనింపుడి. ఆ పని చేయుటకు దేవుడు ఎవరిని పిలిచెను? యూదా గోత్రికుడగు బెసలేలును, దాను గోత్రికుడగు అహోలీయాబును. దేవుని ఆత్మతో నింపబడెనని పేరు పెట్టి బైబిలు మొదట చెప్పిన మనుష్యుడు ఈ బెసలేలే. అతడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు, రాజు అంతకంటె కాడు. బంగారము, ఇత్తడి, రత్నములు, కొయ్య పట్టుకొని పని చేయు పనివాడు. మేము సెమినరీలో చదువుకొనిన దినములలో ఈ అధ్యాయములను త్వరగా దాటించితిమని ఒప్పుకొనవలెను. పలకలెన్ని, దిమ్మలెన్ని, కొలుకులెన్ని అని పరీక్షలో ఎవరును అడుగరు గదా! పల్లెకు వచ్చి, పనిచేయు చేతుల నడుమ పదునైదేండ్లు కాపురముండిన తరువాతనే ఈ పుటలు మాకు తెరుచుకొన్నవి.

స్త్రీలు తమ చేతులతో నీలి, ఊదా, ఎర్ర నూలు వడికి తెచ్చిరని వాక్యము చెప్పుచున్నది. కొందరు మేక వెంట్రుకలు వడికిరి. మన కురుమవారి ఇండ్లలో గొంగళ్ళ కొరకు ఉన్ని వడకుట చూచినవారు ఈ వచనమును తొందరగా దాటలేరు. అది వేళ్ళు నొచ్చు పని, ముక్కుకు వాసన తగులు పని. బంగారము ఇచ్చినవారి ప్రక్కనే దేవుడు మేక వెంట్రుకలు వడికిన ఆడవారిని కూడ తన గ్రంథములో వ్రాయించెను. 38వ అధ్యాయములో ఇంకను వింత గలదు. గుడారపు ద్వారమునొద్ద సేవచేసిన స్త్రీల అద్దములతో ఇత్తడి గంగాళము చేయబడెను. ఆ కాలపు అద్దములు గాజువి కావు, మెరుగుపెట్టిన లోహము. ముఖము చూచుకొను అద్దము యాజకులు చేతులు కాళ్ళు కడుగుకొను పాత్ర అయినది. చివరకు ప్రజలు తెచ్చినది మిక్కుటమై, ఇక తేవద్దని మోషే చాటింప వలసివచ్చెను. ఇరువది యేండ్లలో మా సంఘములో అట్టి చాటింపు చేయు భాగ్యము మాకు ఒక్కసారియు కలుగలేదు.

ఇక మన ఇండ్లలోనికి వత్తము. డిసెంబరు నెలలో జఫర్‌గఢ్ కోట గుట్ట మీదినుండి చూచిన యెడల పత్తిచేలు తెల్లగా కనబడును. తెల్లవారకముందే ఒడి కట్టుకొని మన తల్లులు పత్తి ఏరబోవుదురు. అదే నెలలో మన యౌవనులు పట్టణమునకు పోయి, క్రిస్మస్ చెట్టు మీద చల్లుటకు మంచువలె నుండు తెల్లని థర్మోకోల్ పొడి డబ్బిచ్చి తెత్తురు. వాకిట పత్తి పెట్టుకొని బజారులో మంచు కొనువారము మనము! పండుగైన మరునాడు ఆ పొడి గాలికి లేచి పశువుల కుడితి తొట్లలో పడును. ఈ మంచు సంగతి మా సంఘములో రెండుసార్లు చెప్పితిమి, ఇది మూడవసారి.

అయితే మా ఊరి ఆడపిల్లలు కొన్ని యేండ్లుగా వేరొక మార్గము పట్టిరి. ఎక్కడెక్కడివారో కాగితముతో పూలు, దారముతో గాజులు, మట్టితో పోగులు చేయు విధము ఫోనులో చూచిరి. అందులో చూపిన సామాను ఇక్కడ దొరకలేదు. దొరికినదానితోనే మొదలుపెట్టిరి. మక్కజొన్న పొత్తుల మీది పొట్టును రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, రేకులుగా చింపి, పువ్వు కట్టుదురు. జొన్న సొప్ప చీల్చి లోపలి బెండుతో చిన్న పశువులతొట్టి, గొర్రెపిల్లలు చేయుదురు. మా చిన్నతనమున అదే బెండుతో మేము బండ్లు, కళ్ళద్దాలు చేసికొంటిమి. పాత పెండ్లి పత్రికల అట్ట కత్తిరించి నక్షత్రములు చేయుదురు. విరగని పాత ప్లాస్టిక్ గాజుల మీద పట్టుదారము పోగు ప్రక్క పోగు చేర్చి గట్టిగా చుట్టి, బంకతో అంటించి, మీద చిన్న చమ్కీలు పెట్టుదురు. దారము ఒక్కచోట వదులైన యెడల లోపలి గాజు కనబడును. అప్పుడు మరల విప్పి చుట్టవలెను. అది చూచుటకు సులభము. మేమును ఒకసారి ప్రయత్నించితిమి, మా చుట్టు చూచి పిల్లలు చాటుగా నవ్విరి.

కాగితములు అతికించుటకు డబ్బాలోని బంక కొననక్కరలేదు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా నూరి ఉడికించిన గంజి చాలును. ఇది మన ప్రాంతపు పాత విద్య. చేర్యాల నకాషీ చిత్రకారులు బొమ్మలు వ్రాయు గుడ్డకు ఈ చింతగింజల గంజినే పట్టింతురు. దానిలోనే రంపపు పొట్టు కలిపి ముఖములు, బొమ్మలు చేయుదురు. జనగామ దాటిన తరువాత హైదరాబాదు త్రోవలో పెంబర్తి గలదు. అక్కడివారు ఇత్తడి రేకును సుత్తితో ఉలితో కొట్టి బొమ్మలు లేపుదురు. ఆ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చెను. గుడారములోని దీపవృక్షము పోతపోసినది కాదు, కొట్టి చేసిన పని అని వాక్యములో చదువునప్పుడెల్ల పెంబర్తి సుత్తుల చప్పుడు మా చెవులలో వినబడును. అహరోను దూడ పోత పని. దీపవృక్షము దెబ్బ దెబ్బకు ఓపికతో లేచిన పని. దీనిమీద పెద్ద సిద్ధాంతము కట్టనక్కరలేదు గాని, తలంచుకొనుట మంచిది.

క్రిస్మస్ నక్షత్రమును గూర్చి కొంచెము వివరముగా చెప్పెదము, ఏలయనగా అనేక సంఘములవారు దానిని ఇప్పుడు కొనుచున్నారు. మేదరివారి యొద్ద ఒక వెదురు తెచ్చి, సమానమైన పది బద్దలు చీల్చవలెను. ఐదు బద్దలు ఒకదాని మీదుగా ఒకటి పోనిచ్చి కొనలు దారముతో కట్టిన యెడల ఒక నక్షత్రమగును. ఇట్టివి రెండు చేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, ఐదు కొనలయొద్ద రెంటిని కలిపి కట్టవలెను. తరువాత బద్దలు దాటుకొను లోపలి ఐదు చోట్ల జానెడు పుల్లలు అడ్డముగా నిలుపవలెను. అప్పుడు నడుమ ఉబ్బి, దీపమునకు చోటేర్పడును. మీద గాలిపటము కాగితము అంటించవలెను. పూర్వము లోపల దీపము పెట్టి ఎన్నో నక్షత్రములను పండుగకు ముందే కాల్చుకొనిరి. ఇప్పుడు చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలును, అది వేడెక్కదు. వైరు మాత్రము అతుకులు లేనిది చూడుడి.

ఈ నక్షత్రము కట్టు అలవాటు మనకొక్కరికే లేదు. జర్మనీ దేశమున నీస్కీ అను ఊరిలో మొరేవియను సహోదరుల పాఠశాల యుండెను. 19వ శతాబ్దపు తొలి భాగములో అక్కడి బాలురు రేఖాగణితము నేర్చుకొనుచు కాగితముతో అనేక కొనల నక్షత్రములు చేసిరి. ఆగమన కాలమందు దేశదేశముల వ్రేలాడు మొరేవియను నక్షత్రము అట్లు లెక్కల తరగతిలో పుట్టినది. ఫిలిప్పైను దీవులలో మనవలెనే వెదురు బద్దలు, పలుచని కాగితముతో నక్షత్రదీపము కట్టి దానిని పరోల్ అందురు. వారిది వెదురు దేశము, మనదియు వెదురు దొరకు దేశమే. మత్తయి సువార్తికుడు ఆ నక్షత్రమునకు ఎన్ని కొనలుండెనో చెప్పలేదు. జ్ఞానులు ముగ్గురనియు చెప్పలేదు. కాబట్టి ఎవరి చేతికి వచ్చినట్లు వారు కట్టుకొనుటకు స్వాతంత్ర్యము గలదు.

తోరణము కట్టవచ్చునా, అది అన్యాచారము కాదా అని మమ్మును అడుగు పెద్దలున్నారు. వారి భయము మేము తృణీకరింపము. విగ్రహములను విడిచి వచ్చిన తాతలకు ప్రతి ఆకు, ప్రతి పువ్వు వెనుకటి గుడిని జ్ఞాపకము చేసియుండును. అయితే నెహెమ్యా 8వ అధ్యాయము చదువుడి. ధర్మశాస్త్రము విని ఏడ్చిన జనులు కొండకు పోయి ఒలీవ కొమ్మలు, గొంజి కొమ్మలు, ఈతమట్టలు తెచ్చి పర్ణశాలలు కట్టుకొని బహుగా సంతోషించిరి. ఆ ఆదివారమునకు మనవారు మట్టల ఆదివారమని పేరు పెట్టుకొన్నప్పుడు మట్ట ఏ మతముదని అడుగలేదు గదా!

మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లు వెళ్ళినవారు అక్కడి కతీడ్రలును చూచియుందురు. భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషపు, 1912లో అభిషేకము పొందిన వేదనాయకం శామ్యేల్ అజరయ్యగారు దానిని కట్టించిరి. 1939లో ప్రతిష్ఠ జరిగెను. గుమ్మటములు చూచిన యెడల మసీదు జ్ఞాపకము వచ్చును, స్తంభములు చూచిన యెడల దేవాలయము జ్ఞాపకము వచ్చును, లోపల ఆరాధింపబడువాడు క్రీస్తు. ఆ ఆలయమునకు ఎపిఫనీ అని పేరు. అనగా ప్రభువు అన్యజనులకు ప్రత్యక్షమైన పండుగ, నక్షత్రము చూచి జ్ఞానులు వచ్చిన పండుగ. ఇంగ్లాండునుండి పటము తెప్పించి అచ్చముగా అట్లే కట్టుట ఆ కాలమున సులభమే. అజరయ్యగారు అట్లు చేయలేదు.

అయినను ఆకులు, కాగితములు కూడ దూడ కాగలవు. ఒక సంవత్సరము మా ఊరిలో రెండు వాడలవారు రెండు నక్షత్రములు కట్టిరి. ఒకరిది నాలుగు మూరలైన యెడల వేరొకరిది ఆరు మూరలు. ఆ ఆరు మూరలది చర్చి గుమ్మములో పట్టక, గోడ పగులగొట్టుదమా అను మాట వరకు వచ్చెను! క్రిస్మస్ రాత్రి పాటలలో ఒక వాడ పాడునప్పుడు రెండవ వాడ నోరు మూసికొనియుండెను. బేత్లెహేమునకు దారి చూపవలసిన నక్షత్రము ఆ రాత్రి ఒక్కరికి కూడ దారి చూపినట్లు మాకు తోచలేదు.

పిల్లలకు ఒక హెచ్చరిక కూడ వ్రాయవలెను. కంచెల మీద గురివింద తీగ ఎండి, ఎర్రని గింజలు నల్లని చుక్కతో ఎంతో అందముగా నుండును. దండకు పోగులకు ఇంతకంటె మంచివి లేవని మన పిల్లలు ఏరి తెత్తురు. వాటిని గ్రుచ్చవద్దు. ఆ గింజ పొట్టు పగిలిన యెడల లోపల ప్రాణాంతకమైన విషమున్నది. పసివారు నమిలిన యెడల అపాయము. సూదితో తొలిచి, ఆ సూది వేలికి గ్రుచ్చుకొనిన యెడల పెద్దవారికి కూడ అపాయము. బదులుగా చింతగింజలు ఉన్నవి. రంగు వేసికొనవచ్చును, నోట మాత్రము పెట్టుకొనరాదు.

ఈ గురివింద గింజతోనే కంసాలులు బంగారము తూచెడివారు. ఒక్క గింజ ఎత్తు సుమారు గ్రాములో ఎనిమిదవ వంతు. ఇంత చిన్న ఎత్తు బంగారము కొరకు మన ఇండ్లలో ఎన్ని కన్నీళ్ళు కారుచున్నవో కాపరికి తెలియును. పండుగకు పిల్ల చెవులు బోసిగా నుండరాదని తల్లి గ్రూపులో లోను తీసికొనును. వారపు కిస్తీ కట్టు దినమున ఆమె గుడికి గాని పొలమునకు గాని మనస్సుతో పోలేదు. క్రొత్త బట్టలు, పోగులు లేవని క్రిస్మస్ ఆరాధనకు రాక, తలుపు వేసికొని ఇంటనుండిన కుటుంబములు మా లెక్కలో మూడు. పశువులతొట్టిలో పుట్టినవాని పండుగకు!

గురివింద గింజ తన నలుపు ఎరుగదని మనవారు అందురు. ఇక మా నలుపు చెప్పవలెను.

మా సంఘములో ఒక సహోదరి యున్నది. ఆమె పేరు వ్రాయము. ఈ సంగతి వ్రాయుటకు ఆమె ఒప్పుకొన్నది. చిన్న వయస్సుననే భర్త పోయెను. ఊరి ఆచారము ప్రకారము ఆమె గాజులు పగులగొట్టిరి. క్రైస్తవుల ఇంట ఆ ఆచారము ఎందుకని ఆ దినమున మేము గట్టిగా అడుగలేదు. అది మా మొదటి తప్పు. తరువాత ఆమె పత్తి ఏరుటకు పోవుచు, రాత్రులందు పట్టుదారపు గాజులు, పోగులు చేసి అమ్ముకొని బిడ్డను చదివించుచుండెను. రెండు సంవత్సరముల క్రిందట, క్రిస్మస్ పాటల అభ్యాసమునకు ఆమె తన చేతులకు రెండేసి గాజులు, తాను చేసినవే, నీలిరంగువి, వేసికొని వచ్చెను. పెద్ద స్త్రీలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. ఇద్దరు మా యొద్దకు వచ్చి అయ్యగారు ఏమైన చెప్పవలెననిరి.

మేము చెప్పితిమి. వచ్చిన ఆదివారము 1 పేతురు 3వ అధ్యాయము తీసికొని, వెలుపటి అలంకారము, లోపటి అలంకారము అని ముప్పది నిమిషములు ప్రసంగించితిమి. ఆమె పేరెత్తలేదు. ఎత్తవలసిన పనియు లేదు. సంఘమంతయు ఆమె చేతులవైపే చూచెను. ఆమె చేతులు కొంగులో దాచుకొన్నది.

పేతురు పౌలులు చెప్పినది తప్పని మేము ఇప్పుడు అనుట లేదు. వారు పేర్కొన్నవి చూడుడి: బంగారము, ముత్యములు, మిక్కిలి వెలగల వస్త్రములు. అది కలిమిని చూపుకొను అలంకారము, లేనివారిని చిన్నబుచ్చు అలంకారము. యెషయా 3వ అధ్యాయపు కోపము కూడ బీదలను పిండి మెడ ఎత్తి నడచువారి మీదనే. కొన్ని సహవాసములలో బాప్తిస్మము పొందువారు నగలన్నియు తీసివేయుట నేటికిని నియమముగా నున్నది. మనస్సాక్షితో అట్లు చేయువారిని మేము గౌరవింతుము. అయితే రిబ్కాకు ముక్కుపోగు, కడియములు ఇచ్చినవాడు ప్రార్థించిన దాసుడు. తప్పిపోయిన కుమారుడు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి వేలికి ఉంగరము పెట్టించెను. ఇంకొక ఉంగరము కూడ కలదు, యాకోబు పత్రిక 2వ అధ్యాయములో. బంగారు ఉంగరము పెట్టుకొని సమాజమందిరములోనికి వచ్చినవాడు అక్కడ పురుషుడు. అతనికి మంచి చోటు చూపి, బీదవానిని క్రింద కూర్చుండుమన్నది సంఘము. ఆ ఉంగరమును గూర్చి మీరు ఎన్ని ప్రసంగములు వింటిరి? మేము ఎన్ని చేసితిమి? ఆ ఆదివారము కూడ ముందు కుర్చీలలో ఉంగరములు, క్రొత్త గడియారములు ఉండెను. మా కండ్లు వాటిమీద పడలేదు.

ఆమె రెండు ఆదివారములు రాలేదు. క్రిస్మస్‌కు వారము దినములున్నది. చర్చిలో నక్షత్రము, మక్కపొట్టు పూలదండలు కట్టబడెను. చాల చక్కగా ఉన్నవని మేము ఒక పూలదండ పట్టుకొని చూచుచుండగా, ఆమె కుమార్తె, తొమ్మిదేండ్ల పిల్ల, ప్రక్కకు వచ్చి నిలిచెను.

"అయ్యగారూ, గా దండలు మా అమ్మనే చేసింది. ఉంచుతరా, తీసేస్తరా?" అని అడిగెను.

మాకు వెంటనే అర్థము కాలేదు. "ఎందుకు తీసేస్తం బిడ్డా?" అంటిమి.

"మా అమ్మ చేతులకున్నయి తప్పన్నరు గద" అనెను.

పిల్ల దెప్పుటకు అడుగలేదు. నిజముగా తెలిసికొనవలెనని అడిగెను. అదే చేతులు చేసిన పనిని గోడమీద మెచ్చుకొంటిమి, ఆమె మణికట్టు మీద నిందించితిమి. సెమినరీలో మాకు వ్యాఖ్యానశాస్త్రము నేర్పిన గురువులు ఎవరును ఇంత సూటియైన ప్రశ్న మమ్మును అడుగలేదు.

ఆ సాయంకాలమే అమ్మగారిని వెంట తీసికొని వారి ఇంటికి పోయితిమి. దారిపొడవున ఏమి చెప్పవలెనో కూర్చుకొంటిమి. గడప దాటగానే అదంతయు పోయెను. ఆమె బల్బు క్రింద చాప మీద కూర్చుండి దారము చుట్టుచుండెను. "కూసొండి అయ్యగారూ" అని పీట వేసి, మరల దారము చేతికి తీసికొన్నది. శనివారమునకు నాలుగు జతలు ఇయ్యవలెనట, పెండ్లివారివి. మేము చేసినది తప్పని, సంఘము ఎదుట ఆమెను సిగ్గుపరచితిమని, క్షమించుమని చెప్పితిమి. ఆమె కొంతసేపు ఏమియు పలుకలేదు. దారము కొన పండ్లతో తెంపి, "మీరు చెప్పిండ్రని నాకు బాధ లేదయ్యగారూ. మీరు చెప్పెటప్పుడు మా బిడ్డ నా పక్కన కూసున్నది. గదే" అనెను. అంతకుమించి ఆమె అనలేదు. క్షమించితినని కూడ అనలేదు. మేము ప్రార్థన చేయుదుమా అని అడుగగా, చేయుమన్నది. చేసితిమి. టీ ఇచ్చెను, త్రాగితిమి.

ఇంటికి వచ్చి అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము తీసితిమి. యొప్పేలో తబితా అను దొర్కా చనిపోయినప్పుడు పేతురు వచ్చెను. విధవరాండ్రు ఆయన చుట్టు నిలిచి ఏడ్చుచు, ఆమె తమతోకూడ నున్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రములు చూపిరి. పేతురుకు వారు చూపినది ఆమె సాక్ష్యపత్రము కాదు, ఆమె చేతిపని. స్త్రీల అలంకారమును గూర్చి పత్రికలో వ్రాసిన పేతురు ఈ పేతురే. ఆ మేడగదిలో ఆ కుట్టుపనిని చూచిన కండ్లతోనే ఆయన ఆ మాటలు వ్రాసెనని అంతకు ముందు మాకు ఎన్నడును తోచలేదు.

ఆ క్రిస్మస్ ఆదివారమున, ప్రసంగమునకు ముందు, సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొంటిమి. ఇద్దరు పెద్దలకు అది నచ్చలేదు. కాపరి అట్లు తగ్గిన యెడల గౌరవము పోవునని తరువాత వచ్చి చెప్పిరి. పోయినదేమో, మాకు తెలియదు. ఆమె వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. చేతులకు గాజులు లేవు. మరుసటి ఈస్టరుకు వేసికొని వచ్చెను. తలుపు వేసికొని ఇంటనుండిన ఆ మూడు కుటుంబములలో రెండు కుటుంబముల ఆడపిల్లలు ఇప్పుడు ఆమె యొద్ద పని నేర్చుకొనుచున్నారు. పోయిన క్రిస్మస్‌కు ఆ పిల్లలు తాము చేసిన పోగులే పెట్టుకొని పాటలు పాడిరి. మూడవ కుటుంబము ఇంకను రావలసియున్నది, ప్రార్థింపుడి.

ప్రకటన: డిసెంబరు మొదటి శనివారము మధ్యాహ్నము 2 గంటలకు చర్చి ఆవరణలోని వేపచెట్టు క్రింద నక్షత్రము కట్టుట, పొట్టు పూలు, దారపు గాజులు చేయుట నేర్పబడును. నేర్పువారు ఆ సహోదరియే. ఏ సంఘమువారైనను, ఏ మతమువారైనను రావచ్చును. వెదురు బద్దలు మేము తెప్పించెదము. ఇంటనున్న పాత ప్లాస్టిక్ గాజులు, పాత పెండ్లి పత్రికలు, మక్కపొట్టు ఎవరికి వారు తెచ్చుకొనవలెను. కత్తెరలు మా యొద్ద రెండే యున్నవి గనుక, ఉన్నవారు తమవి తప్పక తీసికొని రావలెను.